పిల్లలకు లెక్కల్ల ఆలోచన రావాలంటే ఏ ఆటలు ఆడిపియ్యాలె?

పాలమూరు_అమ్మ:
అందరికి నమస్తే. మాది మహబూబ్‌నగర్, మా పాప నాలుగో తరగతి. ఎక్కాలు 20 దాక తడుముకోకుంట చెప్తది, కూడికలు తీసివేతలు గుణకారాలు అన్ని వస్తయి, కానీ అదే లెక్క మాటల్ల అడిగితే ఆడ్నే ఆగిపోతది. మొన్న స్కూల్ల ఒక లెక్క ఇచ్చిన్రు, 130 మంది పిల్లలు పిల్లలమర్రి చూడనీకి పోతున్నరు, ఒక్క బస్సుల 40 మంది పడ్తరు, ఎన్ని బస్సులు కావాలె అని. భాగహారం మంచిగనే చేసింది, జవాబు మాత్రం "3 బస్సులు, శేషం 10" అని రాసింది. మరి ఆ పదిమంది ఎట్ల పోతరే అంటే నా మొహం చూస్తది. ఏ లెక్క ఇచ్చినా మొదటి మాట "మమ్మీ ఇది కూడాల్నా తీసెయ్యాల్నా" అనే. పజిల్స్, ఆటలు ఆడిపిస్తే ఆలోచన పెరుగుతది అంటరు కదా, నిజంగ ఇంట్ల ఆడిపించి చూసినోళ్లు ఏ ఆటలో, ఎట్లనో చెప్పుండ్రి. ఫోన్ల యాప్‌లు వద్దు అనుకుంటున్న. మా గల్లీల అబాకస్ (పూసల చట్రంతోని లెక్కలు చేసుడు) క్లాసుల చేర్పియ్యమని కూడ అంటున్నరు, అదొకటి డౌటు.

సాగర్_సార్:
అక్కా నమస్తే. నేను ప్రాథమిక పాఠశాలల టీచర్‌ని, నల్లగొండ జిల్లా. మీ పాపకు లెక్కలు రాక కాదు, లెక్కల ఉన్న కథ ఆమె కండ్ల ముందు కనపడ్తలేదు. 130, 40 అనే అంకెలు కనపడంగనే చెయ్యి భాగహారం మీదికి పోయింది, బస్సు ఎక్కలేక నిలబడ్డ పదిమంది పిల్లలు కనపడలే. ఆటల్ల ఉన్న లాభం ఇక్కడ్నే, ఆటల ఎవ్వరు "ఇది కూడుడా తీసుడా" అని చెప్పరు, ఏం చెయ్యాల్నో పిల్లనే తేల్చుకోవాలె.

ఇయ్యాల్నే మొదలు పెట్టేది ఒకటి చెప్త. 21 చింతగింజలు నడుమల పొయ్యుండ్రి. ఇద్దరు ఆడాలె. వంతుకు ఒకటి గాని రెండు గాని మూడు గాని తియ్యొచ్చు, ఊకనే పాస్ చెయ్యొద్దు. ఆఖరి గింజ ఎవరు తీస్తే వాళ్లు గెల్చినట్టు. అంతే. మొదట్ల పిల్లలు చేతికి వచ్చినన్ని తీస్తరు. కొన్ని ఆటలైనంక ఎవరో ఒకరు "సార్ నాలుగు మిగిలినప్పుడు నా వంతు వస్తే నేను ఓడిపోతున్న" అంటరు. మా క్లాసుల మూడో తరగతి పిల్ల ఒకామె ఈ మాట అని, గింజలు మల్ల నాలుగు నాలుగు కుప్పలుగ పెట్టుకుంట పోయింది, 4, 8, 12 అని వేళ్లతోని చూపించుకుంట, 20 దగ్గర ఆగి "అయితే ముందుగాల నేను ఒక్కటే తీస్త" అని గట్టిగ అన్నది. నాలుగో ఎక్కం ఆమెకు అంతకుముందు నుంచే వచ్చు, కానీ ఎక్కాన్ని ఒక పని కోసం వాడుకున్నది అప్పుడే.

ఒకటే మాట అక్కా, ఆ కిటుకు మీరు చెప్పొద్దు. పది రోజులు పట్టినా చెప్పొద్దు. తెలిసినంక రూల్ మార్చుండ్రి, ఆఖరి గింజ తీసినోళ్లు ఓడినట్టు అని. అప్పుడు మల్ల మొదటి నుంచి ఆలోచించాలె.

మిర్యాలగూడ_తమ్ముడు:
సార్ మీరు చెప్పింది బాగుంది కానీ నాకొక అనుమానం. మావోడు ఆరో తరగతి, రూబిక్ క్యూబ్ నిమిషంల పెట్టేస్తడు, ఫోన్ల సుడోకు అన్ని లెవల్స్ అయిపోయినయ్, చుట్టాలు వస్తే అందరు మెచ్చుకుంటరు. కానీ లెక్కల పరీక్షల ఎప్పటి లెక్కనే, కొత్త రకం ప్రశ్న వస్తే వదిలేసి వస్తడు. మరి పజిల్స్‌తోని బుర్ర పెరగాలె కదా?

దేవరకొండ_పెద్దసార్:
తమ్ముడూ, క్యూబ్ ఎట్ల నేర్చుకుండు బాబు? వీడియో చూసి, ఈ రంగు ఇక్కడుంటే ఇట్ల తిప్పు అట్ల తిప్పు అని వరస బట్టీ పట్టి ఉంటడు. అది తప్పేం కాదు, చేతి వేగం, జ్ఞాపకం రెండు పెరుగుతయి. కానీ ఆ వరస ఎందుకు పని చేస్తదో ఆలోచించిన పని అక్కడ లేదు. హైస్కూల్ల లెక్కలు చెప్పి రిటైర్ అయిన మనిషిని, నేను చూసింది ఏందంటే, దారి ముందే తెలిసిన పజిల్ అభ్యాసం లెక్కలతోని సమానమే. దారి తెల్వని చోట నిలబడి కాసేపు తిప్పలు పడితేనే ఆలోచన కదులుతది.

బాబుకు ఇది ఇయ్యి. మన నాగార్జునసాగర్ డ్యాంకు 26 గేట్లు కదా. అన్ని మూసి ఉన్నయనుకో. 26 మంది ఆపరేటర్లు వరసగ వస్తరు. మొదటాయన అన్ని గేట్లు తెరుస్తడు. రెండో ఆయన 2, 4, 6 ఇట్ల రెండో ఎక్కంల ఉన్న గేట్లను మార్చుతడు, అంటే తెరిచి ఉంటే మూస్తడు, మూసి ఉంటే తెరుస్తడు. మూడో ఆయన 3, 6, 9, 12 ఇట్ల. 26వ ఆయన 26వ గేటు ఒక్కటే మార్చుతడు. ఆఖరికి నీళ్లు ఏయే గేట్ల నుంచి పోతుంటయి?

ఫార్ములా ఏది లేదు దీనికి. కాగితం మీద 26 డబ్బాలు గీసుకొని చెయ్యమను. జవాబు వచ్చినంక "ఇవే ఎందుకు" అని ఒక్క ప్రశ్న అడుగు, తర్వాత నువ్వు సప్పుడు చెయ్యకు.

అంగన్‌వాడీ_అక్క:
మీరందరు పెద్ద పిల్లల గురించి చెప్తున్నరు, మా దగ్గరికి వచ్చేటోళ్లు మూడేండ్లు నాలుగేండ్లోళ్లు. వాళ్లకు వామనగుంటలు మించింది నేను చూడలే. 14 గుంటలు, ఇటు ఏడు అటు ఏడు, గింజలు పంచుకుంట పోవుడు. పంచుతుంటే ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క గింజ అనే లెక్క చేతికే వస్తది. కొన్ని దినాలకు గుంటల మూడు ఉన్నయా నాలుగు ఉన్నయా అని లెక్కపెట్టకుంటనే చూసి చెప్తరు. ఇంకొంచెం పెద్దగైతే "ఈ గుంట తీస్తే యాడికి పోయి ఆగుతది" అని ముందే కండ్లతోని లెక్కేసుకుంటరు, చెయ్యి ఇంకా గుంటల పెట్టకముందే. కచ్చకాయలు కూడ అంతే, ఐదుల రెండు పైకి పోతే కింద ఎన్ని ఉన్నయి అన్నది వాళ్లకు అడగకుంటనే తెలుస్తది.

మా పిల్లల తల్లులు మాత్రం "మేడం ఆటలేనా, ఏబీసీడీలు వన్ టూ త్రీలు రాపియ్యరా" అని అడుగుతరు. పల్లెటూర్లల్ల గుంటలాట ముసలోళ్లకే వచ్చు ఇప్పుడు, అమ్మమ్మలనే పిలిచి కూసోబెడుతున్న. వాళ్లకు సంతోషం, పిల్లలకు ఆట.

నల్లగొండ_బీఈడీ:
అక్కా, పెద్దసార్, ఇద్దరి మాటకు నేను ఒకటి కలుపుత. దీని మీద మనదేశంలనే పెద్ద పరిశోధనలు జరిగినయి. ఢిల్లీల బాలవాడీ పిల్లలతోని చుక్కలు, ఆకారాలు పోల్చే ఆటలు కొన్ని నెలలు ఆడిపించిన్రు, నోబెల్ వచ్చిన ఎస్తేర్ దుఫ్లో, పిల్లల మనసు మీద పని చేసే ఎలిజబెత్ స్పెల్కే వాళ్ల బృందం, 2017ల సైన్స్ పత్రికల వచ్చింది. ఏది ఎక్కువ ఏది తక్కువ, ఏ ఆకారం తేడాగ ఉన్నది అని పసిగట్టే శక్తి ఆ పిల్లలకు పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. కానీ బడికి పోయినంక అంకెలతోని రాసే లెక్కలల్ల మాత్రం మిగతా పిల్లల కంటె ముందు లేరు. అంటే ఆట ఆడితే చాలు, బడి లెక్క దానంతట అదే వస్తది అనుకుంటే కాదన్నట్టు.

2025ల నేచర్ పత్రికల ఇంకోటి వచ్చింది. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లల్ల కూరగాయలు అమ్మే పిల్లలు ఇంత కిలో, అంత కిలో, ఇన్ని పైసలు వాపస్ అని నోటితోని టకటక చెప్తరు, అదే లెక్క బడి పుస్తకం తీరుగ కాగితం మీద ఇస్తే ఆగిపోతరు. బడికి మాత్రమే పోయే పిల్లలు ఉల్టా, కాగితం మీద కొంత నయం, మార్కెట్ లెక్క రాదు. రెండింటి నడుమ దారి ఎవరో ఒకరు వెయ్యాలె. ఆట అయినంక దాన్ని అంకెలల్ల రాయించుడు, మాటల్ల చెప్పించుడు, ఆ పని మనదే అనిపించింది నాకు.

పాలమూరు_అమ్మ:
అయ్యో అచ్చం మా ఇంటి ముచ్చటే చెప్పిన్రు! మా అన్నది కిరాణం. సెలవుల మా పాప అక్కడ కూసుంటే 37 రూపాయల సామానుకు 100 నోటు ఇస్తే 63 అని వెంటనే చెప్తది, ఎట్ల చెప్పినవే అంటే "37కు మూడేస్తే 40, ఇంక 60" అంటది. అదే నోట్‌బుక్కుల 100 లకెల్లి 37 తీసెయ్యమంటే సున్నాల కాడ అప్పు తీసుకునుడు తప్పు పోయి 73 అని రాస్తది. రెండు జవాబులు పక్కపక్కన ఉన్నా తేడా ఉన్నదని అనిపియ్యదు దానికి. మరి ఎట్ల కలపాలె ఈ రెండింటిని?

సాగర్_సార్:
కిరాణంల చెప్పిన మాటనే రాయమనుండ్రి అక్కా. 37 రాసి, బాణం గీసి +3, 40. మల్ల బాణం +60, 100. కింద 63. ఒక్క గీత మీద దుంకుకుంట పోయినట్టు. అది రాసినంక నిలువు తీసివేత పక్కన చేపియ్యుండ్రి. రెండు కలవకపోతే ఏది తప్పో పాపనే ఎతుకుతది, మీరు వేలు పెట్టి చూపియ్యొద్దు. మా బడుల్ల 2022ల తొలిమెట్టు అనే సర్కారు కార్యక్రమం మొదలైనంక పిల్లలను వాళ్ల స్థాయిని బట్టి కూసోబెట్టి వస్తువులతోని నేర్పే వీలు కొంత దొరికింది, అక్కడ నేను ఎక్కువగ ఇదే చేస్తున్న, ముందు గింజలు, తర్వాత బొమ్మ, ఆఖరికి అంకెలు. వస్తువుల కాడనే ఆపితే బీఈడీ తమ్ముడు చెప్పినట్టే అయితది.

బస్సుల లెక్కకు కూడ ఒకటి చెప్త. అదే భాగహారంతోని మూడు ప్రశ్నలు అడగండి. 130 మందికి బస్సుకు 40 మంది చొప్పున ఎన్ని బస్సులు? 130 రూపాయలు ఉన్నయి, పెన్ను 40, ఎన్ని పెన్నులు వస్తయి? 130 మీటర్ల తాడు 40 మీటర్ల ముక్కలు చేస్తే ఆఖరి ముక్క పొడవెంత? ఒకదానికి 4, ఒకదానికి 3, ఒకదానికి 10. భాగహారం ఒక్కటే, జవాబులు మూడు. ఎందుకు వేరే వచ్చినయని వాదించుకోనియ్యుండ్రి, అన్నదమ్ములు ఉంటే ఇంకా మంచిది.

చేనేత_బిడ్డ:
ముగ్గుల గురించి ఎవ్వరు అనలేదేంది? మాది పోచంపల్లి దిక్కు, ఇంట్ల మగ్గం. మా అమ్మ సంక్రాంతికి చుక్కల ముగ్గు ఏసేటప్పుడు చెయ్యి లేపకుంట తిప్పేది, నేను పక్కన కూసొని ఎక్కడ మొదలు పెడితే ఎక్కడ తేలుతదో చూస్తుండేదాన్ని. ఇప్పుడు మా అక్క పిల్లలకు అదే ఆట పెట్టిన. ఒక చదరం గీసి మూలల నుంచి మూలలకు రెండు అడ్డ గీతలు కొట్టుండ్రి. పెన్ను లేపకుంట, గీసిన గీత మీద మల్ల గియ్యకుంట ఇది రాదు. ఎంత కొట్టుకున్నా రాదు. ఇప్పుడు దాని మీద ఇంటి కప్పులాగ రెండు వాలు గీతలు పెట్టుండ్రి, గీతలు ఎక్కువైనా ఇది వస్తది! అయితే కింది మూల నుంచి మొదలు పెడితేనే వస్తది, పై నుంచి పెడితే రాదు.

ఒక్కొక్క మూల కాడ ఎన్ని గీతలు కలుస్తున్నయో రాసుకోమంటే పిల్లలకు దారి దొరుకుతది. బేసి గీతలు కలిసే చోట్లు రెండు గాని, అసలే లేకపోవుడు గాని ఉంటేనే ఒక్క పోటుల వస్తది. 1736ల ఆయిలర్ అనే ఆయన కోనిగ్స్‌బెర్గ్ ఊర్ల ఏడు వంతెనల మీద ఒక్కొక్కసారే నడిచి రావొచ్చా అని ఆలోచించి తేల్చింది ఇదే సంగతి, ఆ ఊరు ఇప్పుడు రష్యాల ఉన్నది. పదేండ్ల పిల్ల ముగ్గు పిండితోని అదే చేస్తుంటే చూడముచ్చటగ ఉంటది.

ట్యూషన్_అన్న:
నేను వనపర్తిల ట్యూషన్లు చెప్త. అందరు ఆటలు ఆటలు అంటున్నరు గని ఎక్కాలు, రాత లెక్కలు తక్కువ చేసి చూడొద్దని నా మనవి. 8వ ఎక్కం రాని పిల్లగాడు గేట్ల పజిల్ల సగం కాడనే అలిసిపోతడు, ఆలోచన అంత లెక్కపెట్టుడుకే అయిపోతది. అమ్మానాన్నలు ఫీజు కట్టేది మార్కుల కోసం, అది కూడ తప్పనలేం. అభ్యాసమే కొంచెం ఆసక్తిగ చెయ్యొచ్చు. మా పిల్లలతోని తీసివేతలు చేపియ్యాల్నంటే నేను కప్రేకర్ ఆట ఇస్త. నాలుగు అంకెలు, అన్ని ఒకటే కాకుంట, ఏదన్న సంఖ్య తీసుకో, 2024 అనుకో. అంకెలను పెద్దది నుంచి చిన్నది వరకు పేర్చు, 4220. ఉల్టా పేర్చు, 0224. తీసెయ్యి, 3996. మల్ల అదే పని, 9963 లకెల్లి 3699 పోతే 6264. మల్ల చేస్తే 4176. మల్ల చేస్తే 6174. ఇంక ఎన్నిసార్లు చేసినా 6174 దాటదు. మహారాష్ట్ర దేవ్‌లాలీల బడి పంతులు కప్రేకర్ కనిపెట్టింది ఇది. ఏ సంఖ్యతోని మొదలు పెట్టినా ఏడు సార్లు దాటకుంట అక్కడికే వస్తది. ఒక్క తీసివేత తప్పు పోతే చాలా మట్టుకు బాట మారుతది, అందుకే పక్కోనితోని సరిపోల్చుకుంట చేస్తరు. ఇరవై తీసివేతలు హోంవర్క్ ఇస్తే ఏడ్చే పిల్లలే, ఇట్లయితే ఇంకో సంఖ్య ఇయ్యి అన్నా అని అడుగుతరు.

దేవరకొండ_పెద్దసార్:
ట్యూషన్ అన్న మాట నూటికి నూరు పాళ్లు నిజం. ఎక్కాలు ఆలోచనకు అడ్డం కాదు, ఆధారం. నేను వద్దనేది ఎక్కాలతోనే ఆగుడు.

మిర్యాలగూడ_తమ్ముడు:
పెద్దసార్, గేట్ల లెక్క మావోనికి ఇచ్చిన. మొదలు "నాన్న దీనికి ట్రిక్ చెప్పు" అన్నడు, తెల్వదు అన్న. మూతి ముడుచుకొని పాత క్యాలెండర్ ఎనక 26 గళ్లు గీసిండు. తెరిస్తే టిక్కు, మూస్తే గీత, పది మంది దాక వచ్చేసరికి గళ్లన్ని నల్లగయినయి, యాడ ఉన్నడో వానికే తెల్వలే. కోపమొచ్చి చింపబోయిండు. మా ఇంట్లామె "అన్ని ఒక్కసారి ఎందుకు, ఒక్క 12వ గేటే చూడు, దాన్ని ఎవరెవరు ముడ్తరు" అన్నది. 1, 2, 3, 4, 6, 12 అని రాసిండు, ఆరుగురు ముట్టిన్రు, మూసే ఉంటది అన్నడు. 16 చూసిండు, 1, 2, 4, 8, 16, ఐదుగురు. తెరిచి ఉంటది! అప్పుడు కూసున్నోడు లేచి నిలబడ్డడు సార్. ఆఖరికి 1, 4, 9, 16, 25 అని తేలింది. ఇవే ఎందుకు అని మీరు చెప్పినట్టే అడిగిన. తెల్లారి బ్రష్ చేసుకుంట వచ్చి "నాన్నా, 12ల 2కు 6 జోడి, 3కు 4 జోడి, 16ల 4కు 4నే జోడి, ఒక్కటే లెక్కకు వస్తది, అందుకే బేసి అయితది" అన్నడు. వర్గ సంఖ్యలంటే ఏందో వాడు పుస్తకంల చదివిందే, కానీ ఇట్ల ఎన్నడు చెప్పలే నాతోని.

ఇంకోటి అడగాలె. వాడు ఆగిపోయినప్పుడు మేం ఏం అనాలె? నోరు ఊకోదు, చెప్పేద్దామనే అనిపిస్తది.

దేవరకొండ_పెద్దసార్:
మీ ఇంట్లామె అన్న మాటే పెద్ద పాఠం తమ్ముడూ. "అన్ని ఎందుకు, ఒక్కటి చూడు." జవాబు చెప్పలే, దారి చెప్పలే, లెక్కను చిన్నగ చేసి చూపించింది. హంగేరీల పుట్టిన పోల్యా అనే గణిత ఆచార్యుడు సమస్య సాధనను నాలుగు మెట్లు చేసిండు, అర్థం చేసుకునుడు, ఉపాయం ఆలోచించుడు, చేసి చూసుడు, ఎనకకు తిరిగి చూసుకునుడు. మన పిల్లలు మొదటిది, ఆఖరిది వదిలేసి నడుమల ఉన్న చేసుడు ఒక్కటే చేస్తరు, ఎందుకంటే మార్కులు దానికే పడతయి.

పిల్లగాడు ఆగితే నేను అడిగేటివి ఇవి. ఏం అడిగిన్రో నీ మాటల్ల చెప్పు. బొమ్మ గియ్యగలవా. అంకెలు చిన్నగ చేస్తే ఎట్ల ఉంటది, 26 బదులు 5 గేట్లే ఉంటే? ఇసుంటిది ఇంతకుముందు చేసినవా. ఎనక నుంచి వస్తే ఎట్లుంటది? జవాబు వచ్చినంక ఇంకో దారి ఉన్నదా. ఏదో ఒక్కటే అడగాలె, ఐదారు ప్రశ్నలు ఒక్కసారి గుప్పిస్తే అదే ఇంకో పరీక్ష అయితది. అడిగినంక ఊకుండాలె. మనకు ఆ ఊకుండుడే కష్టం. గడియారం పెట్టొద్దు. చాక్లెట్ ఇస్తానని ఆశ పెట్టొద్దు, చాక్లెట్ కోసం ఆడే పిల్లగాడు తొందరగ వచ్చే జవాబే ఎతుక్కుంటడు. విసుగొస్తే కాగితం గోడకు అంటించి వదిలేయుండ్రి, మీ బాబు తెల్లారి చెప్పిండు చూడు, చాలా లెక్కలు అట్లనే తేలుతయి.

సాగర్_సార్:
పెద్దసార్ చెప్పినంక నేను చెప్పేది తక్కువే గని, అష్టాచెమ్మా ఆడేటోళ్లుంటే ఒకటి చేసి చూడుండ్రి. గవ్వలు బదులు నాలుగు రూపాయి బిళ్లలు ఎయ్యుండ్రి. బొమ్మ పడితే ఎల్లకిల పడ్డ గవ్వ లెక్క. ఒకటి, రెండు, మూడు, చెమ్మా (నాలుగు ఎల్లకిల), అష్టా (నాలుగు బోర్ల), ఏది ఎన్నిసార్లు పడ్డదో పిల్లలు గీతలు పెట్టుకుంట పోవాలె. నూరు సార్లు ఏసినా విసుగు రాదు వాళ్లకు. రెండే ఎక్కువ ఎందుకు పడ్తది, అష్టా ఎందుకు అంత కష్టం? నాలుగు బిళ్లలు మొత్తం 16 తీర్లు పడొచ్చు, అండ్ల రెండు ఆరు తీర్లు, ఒకటి నాలుగు, మూడు నాలుగు, చెమ్మా ఒక్కటి, అష్టా ఒక్కటి. ఐదో తరగతి పిల్లలు ఈ పదహారు రాసుకోగలరు. తర్వాత నిజం గవ్వలు ఏసి చూస్తే ఈ లెక్క ఇట్లనే రాదు, గవ్వ రెండు దిక్కుల ఒక్క తీరుగ ఉండదు కదా. ఎందుకు తేడా వచ్చిందో పిల్లలే చెప్తరు, మన పుస్తకంల లేని మంచి ముచ్చట అది.

పులిమేక కూడ మరువొద్దు. మూడు పులులు, 15 మేకలు. ఒక ఆటల పులి దిక్కు, మల్ల ఆటల మేకల దిక్కు ఆడిపియ్యాలె, అప్పుడే అవతలోడు ఏం చేస్తడో అని వాని దిక్కు నుంచి ఆలోచించుడు వస్తది.

పాలమూరు_అమ్మ:
అందరికి చాలా థాంక్స్. గింజలాట మొదలు పెట్టినం, మా పాప ఇంకా కిటుకు పట్టలే, నేను చెప్తలేను. వాళ్ల తాత మాత్రం ఓర్వలేక పోతున్నడు, చెప్పేస్తనంటడు, ఆపుతున్న. కిరాణం లెక్కలు బాణాలతోని రాస్తున్నది, అది బాగ నచ్చింది దానికి. మరి అబాకస్ సంగతి ఎవ్వరు చెప్పలే?

ట్యూషన్_అన్న:
అక్కా, అబాకస్‌తోని కూడికలు తీసివేతలు వేగంగ, తప్పు లేకుంట వస్తయి. మీ పాపకు అవి వస్తూనే ఉన్నయి కదా. మీరు చెప్పిన ఇబ్బంది ఏ లెక్క చెయ్యాల్నో తెల్వకపోవుడు, అది అబాకస్ నేర్పే సంగతి కాదు. పాపకు ఇష్టముండి అడిగితే పంపుండ్రి, ఆ బస్సుల లెక్క కోసమైతే మాత్రం ఆ పైసలు పెట్టాల్సిన పని లేదు.

సాగర్_సార్:
నేను కూడ అదే అంట. తాతకు చెప్పుండ్రి, పాపతోని ఆయననే ఆడమనండి. తాత ఊకూకె గెలుస్తుంటే, తాత ఎన్ని మిగిలిస్తున్నడో అని పాప చూసుడు మొదలు పెడ్తది.